కొండకు వెళ్ళినా దిగని బరువు: స్టాన్లీ జోన్స్ అనుభవంలో విశ్రాంతి, సమర్పణ, ఏకాంతం

సంఘకాపరులకు రిట్రీట్లు ఏర్పాటు చేయడం మన డయాసిసుల్లోనూ, స్వతంత్ర సంఘాల్లోనూ ఇప్పుడు మామూలైపోయింది. మూడు రోజుల కార్యక్రమం. తెల్లవారుజామున ప్రార్థన, ఉదయం రెండు వర్తమానాలు, మధ్యాహ్నం గుంపు చర్చ, సాయంకాలం స్తుతి ఆరాధన, రాత్రి పొద్దుపోయేదాకా సాక్ష్యాలు. సాక్ష్యాల్లో ఎక్కువ భాగం లెక్కలే. ఈ ఏడాది ఎన్ని బాప్తిస్మాలు, ఎన్ని కొత్త గ్రామాలు, మందిరం శ్లాబు ఎంతవరకు వచ్చింది. వచ్చినప్పటికంటె ఎక్కువ అలసిపోయి ఇంటికి వెళ్ళే దైవసేవకులు కొందరైనా ఉన్నారని పాఠకులు ఒప్పుకుంటారనుకుంటాను.

మార్కు సువార్త 6వ అధ్యాయం ఈ కూటాల్లో తరచుగా చదివే వాక్యభాగం. శిష్యులు తాము చేసినవీ బోధించినవీ ప్రభువుకు తెలియజేశారు. భోజనానికి కూడా వారికి తీరిక లేదు గనుక ఆయన వారిని ఏకాంత స్థలానికి పిలిచాడు. మనం సాధారణంగా ఇక్కడ పుస్తకం మూసేస్తాం. తరువాతి వచనాల్లో జరిగింది వేరు. జనులు కాలినడకన పరుగెత్తి వారికంటె ముందే అక్కడికి చేరారు. అనుకున్న విశ్రాంతి దొరకలేదు. అయిదువేలమందికి భోజనం పెట్టి పంపిన తరువాతే ప్రభువు ప్రార్థించడానికి ఒంటరిగా కొండకు వెళ్ళాడు. కనుక ఏకాంతమంటే స్థలం మాత్రమేనా, సెలవు మాత్రమేనా అనే ప్రశ్న సువార్తలోనే ఉంది. భారతదేశ మిషను చరిత్రలో ఈ ప్రశ్నను తన శరీరం మీదనే ఎదుర్కొన్న ఒకరి జీవితాన్ని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఆయన ఇ. స్టాన్లీ జోన్స్.

లక్నో నుండి కొండలకు, కొండల నుండి లక్నోకు

జోన్స్ 1884లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టారు. కెంటకీ రాష్ట్రంలోని ఆస్బరీ కళాశాలలో చదివి, 1907లో మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘపు మిషనెరీగా ఇండియాకు వచ్చారు. అప్పటికి ఆయనకు ఇరవైమూడేళ్ళు. లక్నోలోని లాల్‌బాగ్ ఇంగ్లీషు సంఘానికి కాపరిత్వం, ఉర్దూ అభ్యాసం, ఆ తరువాత సీతాపూర్ ప్రాంతంలో సూపరింటెండెంటు బాధ్యత, వీటన్నిటితోపాటు చదువుకున్న హిందూ ముస్లిం సోదరుల మధ్య సువార్త ప్రసంగాలు. పని పెరిగిందేగాని మనిషి ఒక్కడే. ఎనిమిదిన్నర సంవత్సరాలయ్యేసరికి నరాలు దెబ్బతిన్నాయి. పలుమార్లు కుప్పకూలిన తరువాత మిషను వారు సెలవు మీద అమెరికా వెళ్ళమన్నారు. ఓడలో ఆదివారపు ఆరాధనలో ప్రసంగిస్తూ ఉండగానే మళ్ళీ కూలిపోయారు.

అమెరికాలో ఏడాదికి పైగా గడిపారు. తిరుగు ప్రయాణంలో ఫిలిప్పీన్సులోని మనీలాలో విద్యార్థుల మధ్య కూటాలు జరిపారు. కూటాలు ఫలించాయి, పాత జబ్బు తిరగబెట్టింది. ఈ రెండూ ఒకేసారి జరగడం గమనించదగ్గది. ఇండియాలో దిగగానే తిన్నగా కొండలకు వెళ్ళి కొన్ని నెలలు పూర్తి విశ్రాంతి తీసుకున్నారు. కోలుకున్నాననుకొని మైదానానికి దిగారు. పని మొదలుపెట్టగానే మళ్ళీ పడిపోయారు. రెండోసారి కొండలకు వెళ్ళారు, రెండోసారి దిగారు. ఫలితం మారలేదు. ఇక మిషనెరీ పరిచర్య వదులుకొని, అమెరికా వెళ్ళి, ఏదైనా పొలం పని చేసుకుంటూ ఆరోగ్యం తిరిగి తెచ్చుకోవాలనే ఆలోచన దాకా వచ్చారు.

ఆ దశలో లక్నోలో జరుగుతున్న కూటాల్లో, 1917 ప్రాంతంలో, ఒక రాత్రి ప్రార్థనలో ఉండగా తన జీవితం మారిపోయిందని ఆయన సాక్ష్యం. అప్పుడు తన గురించి ప్రత్యేకంగా ఆలోచించడం లేదని కూడా ఆయన చెప్పారు. నేను పిలిచిన పనికి నీవు సిద్ధంగా ఉన్నావా అని ప్రభువు అడిగినట్లు, లేదు ప్రభువా, నా పని అయిపోయింది అని తాను జవాబిచ్చినట్లు, ఆ చింత నాకు అప్పగించి నీవు దాని గూర్చి బాధపడకుంటే నేను చూసుకొంటానని మాట వచ్చినట్లు, తాను వెంటనే ఒప్పుకున్నట్లు వివరించారు. ఆ తరువాత అలాంటి పతనం మళ్ళీ రాలేదు.

పరిశోధక విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి మరచిపోకూడదు. ఇది జోన్స్ స్వయంగా ఇచ్చిన సాక్ష్యం. 1925లో అచ్చయిన 'ద క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్' గ్రంథంలో, అంటే ఎన్నో ఏళ్ళు గడిచాక, ఆ గ్రంథానికి నాందిగా చెప్పుకున్నది. అప్పటికి ఆయన పేరుపొందిన సువార్తికుడు. కనుక ఆ రాత్రికి ఆయన ఇచ్చిన అర్థంలో తరువాతి జీవితపు వెలుగు కొంత పడి ఉండవచ్చు. అయినా సంఘటనల వరుసను అనుమానించడానికి కారణం కనబడదు. తన రెండు విశ్రాంతులూ విఫలమయ్యాయని చెప్పుకోవడంలో ఆయనకు కలిసివచ్చే లాభమేమీ లేదు.

నా దృష్టిలో ఈ కథలో అతి ముఖ్యమైన భాగం ఆ వైఫల్యమే. మన ప్రసంగాల్లో లక్నో రాత్రిని చెబుతాం, కొండల మీద గడిచిన నెలలను దాటిపోతాం. కొండ మీద ఆయనకు చల్లని గాలి ఉంది, నిద్ర ఉంది, పని లేదు. లేనిది ఒక్కటే: దిగిన తరువాత నేను పనికి వస్తానా అనే ప్రశ్న నుండి విడుదల. మిషను బోర్డు తననుండి ఏమి ఆశిస్తుంది, తోటి మిషనెరీలు ఏమనుకుంటారు, అన్నిటికంటె ముఖ్యంగా తాను తననుండి ఏమి ఆశిస్తున్నాడు, ఈ మూట ఆయనతోపాటే కొండ ఎక్కింది. అది దిగింది మాత్రం ఏకాంతంలో కాదు, మైదానంలో, పట్టణం నడుమ, జనంతో నిండిన కూటాల మధ్య.

ఇక్కడ తెలుగు బైబిలు మాట ఒకటి మనకు సహాయపడుతుంది. 'నిరీక్షణ' అనే మాటకు లోకవాడుకలో ఎదురుచూడడం అని అర్థం. మన బైబిలులో విశ్వాసము, ప్రేమతో జంటగా నిలిచే పుణ్యం అది. జోన్స్ వదులుకున్నది నిరీక్షణను కాదు. ఆయన వదులుకున్నవి అంచనాలు. దేవుడు ఏమి చేస్తాడో అని ఎదురుచూడడం ఒకటి, దేవుడు నా ద్వారా ఇంత చేయాలి, ఈ గడువులోగా చేయాలి, నలుగురికీ కనబడేలా చేయాలి అనుకోవడం మరొకటి. పరిచర్యలో ఈ రెండూ ఒకే ప్రార్థనలో కలిసిపోతాయి, విడదీయడం కష్టం.

ఒంగోలు కొండ, లెక్కకు రాని నెలలు

ఇది ఉత్తర హిందూస్థానపు మిషనెరీ ఒక్కరి సమస్య కాదు. మన తెలుగు నేల మీదే దీనికి పాత ఉదాహరణ ఉంది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలయింది. పదిహేడేళ్ళయినా విశ్వాసుల సంఖ్య చాలా స్వల్పం. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషనును మూసివేద్దామా అనే చర్చ వచ్చింది. ఖర్చుకు తగ్గ ఫలం లేదన్నది వాదన. మ్యాపు మీద ఒంటరి నక్షత్రంలా మిగిలిన ఈ మిషనుకు 'లోన్ స్టార్' అనే పేరు ఆ చర్చ నుండే వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుతూండగా లైమన్ జూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఒంగోలుకు ఒక మిషనెరీ కావాలన్నది వారి ప్రార్థన. జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో. పన్నెండేళ్ళు.

ఆ కొండను మనం ప్రార్థన కొండ అంటాం. అక్కడ నిలబడి చెప్పే కథలో పన్నెండేళ్ళు ఒక్క వాక్యంలో గడిచిపోతాయి. వెంటనే 1878 జూలై 3 వస్తుంది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం. ఈ సంఖ్య మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. దానికి ముందు క్లౌ చేసిన పని తెలిసినవారు తక్కువ. 1876-78 నాటి మహా కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. తిండి కోసం మతం మార్చుకున్నారనే మాట రాకూడదని, నిజంగా అలా జరగకూడదని, సుమారు పదిహేను నెలలపాటు బాప్తిస్మాలే ఆపివేశారు. వేలమంది వచ్చి అడుగుతున్నారు, ఆయన ఇవ్వడం లేదు. ఫలం లేదని ఒకప్పుడు మూసివేయబోయిన మిషనులో, ఫలం చేతికందుతున్న సమయంలో, లెక్క రాయకుండా ఆగడమంటే ఏమిటో ఆలోచించండి. బోర్డుకు పంపే నివేదికలో ఆ నెలలకు వరుస ఖాళీ. జూలై 3న కూడా నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. క్లౌ తన చేతులతో ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు.

విశ్రాంతి విషయానికి వస్తే ఇంకో చేదు నిజం కూడా మన చరిత్రలో ఉంది. మిషనెరీలకు కొండ ఊళ్ళుండేవి. మదురై అమెరికన్ మిషనెరీలు 1845లో కొడైకెనాల్‌లో ఇళ్ళు వేసుకున్నది జబ్బులతో చనిపోతున్న తమ కుటుంబాలను కాపాడుకోవడానికే. దానిని తప్పు పట్టలేం. క్రమంగా తెలుగు జిల్లాల్లో పనిచేసే మిషనెరీలు కూడా వేసవిలో కొండలకు వెళ్ళడం అలవాటయింది. వారు వెళ్ళిన ఆ నెలల్లో గ్రామాల్లో ఎండకు తిరుగుతూ సంఘాలను కాసింది తెలుగు ఉపదేశులు, సువార్తికులు, బైబిలు స్త్రీలు. వారికి కొండ లేదు. ఆ నిచ్చెన మెట్లు నేటికీ పూర్తిగా పోలేదు. పట్టణ సంఘాల పెద్ద కాపరికి ఏడాదికి రెండు రిట్రీట్లు, పల్లెల్లో మూడు సంఘాలు చూసే సువార్తికునికి క్రిస్మస్ మరునాడు కూడా సెలవు లేదు.

బిషప్పు పదవి, సాత్‌తాల్

జోన్స్ కథకు తిరిగి వద్దాం. 1928 మే నెలలో కాన్సస్ సిటీలో జరిగిన మెథడిస్టు జనరల్ కాన్ఫరెన్సు ఆయనను బిషప్పుగా ఎన్నుకుంది. అభిషేకానికి ముందే ఆయన రాజీనామా ఇచ్చారు. తన పిలుపు సువార్తికునిదని, పాలకునిది కాదని ఆయన కారణం. సంఘం ఒకరినుండి ఆశించగలిగినదానిలో అంతకంటె పెద్దది లేదు. దానిని తిరిగి అప్పగించడానికి ఆయనకు ఒక్కరోజు కూడా పట్టలేదు. మార్కు 1వ అధ్యాయంలో అందరూ నిన్ను వెదకుచున్నారని సీమోను వచ్చి చెప్పినప్పుడు ప్రభువు కపెర్నహూముకు తిరిగి వెళ్ళలేదు, వేరే ఊళ్ళకు బయలుదేరాడు. ఆ ఉదయం ఆయన ఏకాంత ప్రార్థనలో ఉన్నాడని మార్కు ముందే చెప్పాడు. ఏకాంతం ఆయనకు శక్తినివ్వడంతో ఆగలేదు, కాదు అనగలిగే స్వేచ్ఛను కూడా ఇచ్చింది.

రెండేళ్ళ తరువాత, 1930లో, జోన్స్ కొండల్లోనే ఒక స్థలం తీసుకున్నారు. నైనిటాల్ జిల్లాలో భీమ్‌తాల్‌కు సమీపాన, ఓక్, పైన్ చెట్ల అడవి మధ్యనున్న సాత్‌తాల్. ఏడు సరస్సులని ఆ పేరుకు అర్థం. భారతీయ కాపరి యూనస్ సిన్హా, మిషనెరీ ఎథెల్ టర్నర్ ఆయనతోపాటు ఆ ఆశ్రమానికి స్థాపకులు. ఆశ్రమం అనే మాట విని అనుమానపడే విశ్వాసులు ఇప్పటికీ ఉన్నారు. జోన్స్ శాంతినికేతనంలోనూ సబర్మతిలోనూ గడిపిన మాట నిజమే. అప్పటికే క్రైస్తవులు ఆ పేరు వాడుతున్నారన్నది కూడా నిజమే. తిరుపత్తూరులో జేసుదాసన్, ఫారెస్టర్ పేటన్ అనే ఇద్దరు వైద్యులు 1921లో క్రిస్తుకుల ఆశ్రమం ప్రారంభించారు. మరుసటి సంవత్సరమే జాక్ విన్‌స్లో క్రిస్త సేవా సంఘాన్ని మొదలుపెట్టారు.

కొండల్లో విశ్రాంతి తనకు రెండుసార్లు పనిచేయలేదని తెలిసిన మనిషి మళ్ళీ కొండల్లోనే ఎందుకు స్థలం తీసుకున్నాడు? ఆ ఆశ్రమపు పద్ధతులే దీనికి జవాబిస్తాయి. అక్కడికి వచ్చినవారు తమ బిరుదులు వదిలేయాలి. బిషప్పయినా, ప్రొఫెసరయినా, కలెక్టరయినా బ్రదర్, సిస్టర్ అని పేరుతోనే పిలుపు. అందరికీ ఒకే భోజనం, భారతీయ భోజనం. మౌనానికి సమయాలుండేవి, చేతి పనికి సమయాలుండేవి. మొదటి కూటంలో ప్రతి ఒక్కరూ హృదయం విప్పి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఎందుకు వచ్చావు, నీకు ఏమి కావాలి, నీకు నిజంగా ఏమి అవసరం? రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ మధ్యనున్న దూరంలోనే ఆయన లక్నో అనుభవమంతా ఉంది. 1916లో ఎవరైనా ఆయనను అడిగి ఉంటే, కావలసింది ఆరోగ్యమని చెప్పి ఉండేవారు. కాపరుల కూటాల్లో మనం మొదట ఎక్కువగా వినేది నివేదికలు. సాత్‌తాల్‌లో మొదటి మాట కొరత.

వారానికి ఒక రోజు ఆశ్రమపు పనివారికి సెలవు. ఆ రోజు వారి పనులన్నీ ఆశ్రమవాసులే పంచుకునేవారు, మరుగుదొడ్లు శుభ్రం చేసే పనితో సహా. బ్రాహ్మణ కుటుంబం నుండి విశ్వాసంలోకి వచ్చిన ఒక సోదరుణ్ణి ఆ పనికి ఎప్పుడు ముందుకొస్తావని అడిగితే, నేను మారుమనస్సు పొందాను గాని అంతదూరం పొందలేదని జవాబిచ్చాడట. జోన్స్ ఈ సంగతిని నవ్వుతూ చెప్పుకునేవారు. మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు ఆ పనులే చేసినవారు గనుక మనం దీనిని అంత తేలికగా నవ్వుకోలేం. కాని ఇందులో ఒక గట్టి బోధ ఉంది. తాను ఎవరినన్న అంచనా ఒక వ్యక్తి మనసులోనే ఉండదు, కులంలో, కుర్చీలో, ఎవరు ఎవరికి నీళ్ళు తోడతారన్నదానిలో ఉంటుంది. కళ్ళు మూసుకొని ధ్యానించినంత మాత్రాన అది వదలదు. చీపురు పట్టుకుంటే కొంత వదలవచ్చు. పనివాడికి సెలవు ఇవ్వని రిట్రీట్‌లో విశ్రాంతి దినపు ఆజ్ఞలో సగమే ఉంది. దాసునికీ దాసికీ కూడా విశ్రాంతి కలగాలని ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం స్పష్టంగా చెబుతుంది.

అదే 1930లో, దండియాత్ర మొదలైన రోజున, గాంధీజీ గీతానువాదం 'అనాసక్తి యోగం' వెలువడింది. ఫలం మీద ఆసక్తి విడిచి పనిచేయమన్న ఆ బోధకూ జోన్స్ చెప్పిన సమర్పణకూ పోలిక ఉందని వెంటనే తోస్తుంది. పోలిక ఉన్నమాట నిజం, ఇద్దరికీ స్నేహం ఉన్నమాట కూడా నిజం. అయితే జోన్స్ దగ్గర ఫలాన్ని విడిచిపెట్టడం ఒక సాధన కాదు. ఎవరి చేతికి విడిచిపెడుతున్నామన్నది అక్కడ ముఖ్యం. లక్నోలో ఆయన కోరికలను జయించలేదు, ఓడిపోయానని ఒప్పుకొని మూటను మరొకరికి అప్పగించారు. క్రైస్తవ ధ్యాన పద్ధతులు బోధించే ఉపాధ్యాయులు ఈ భేదాన్ని తరగతిలో చర్చించడం అవసరమనిపిస్తుంది.

చెప్పకుండా వదిలేసే సంగతులు

ఈ చరిత్రను అందమైన సాక్ష్యంగా మాత్రమే చెబితే అన్యాయం జరుగుతుంది. మొదటిది, జోన్స్ ఆ తరువాత పని తగ్గించలేదు. ఎనభై దాటేవరకూ ఖండాలు తిరిగారు, రోజుకు అనేకసార్లు ప్రసంగించారు. అలాంటి తిరుగుడుకు కుటుంబం మూల్యం చెల్లించింది. 1911లో ఆయనను వివాహమాడిన మేబెల్ లాసింగ్ సీతాపూర్‌లో మగపిల్లల బడి నడుపుతూ, కూతురు యూనిస్‌ను పెంచుతూ, నెలల తరబడి ఒంటరిగా ఉన్నారు. మగపిల్లలకు స్త్రీలు చదువు చెప్పడం ఆ రోజుల్లో కొత్త. ఆమె దానిని చేసి చూపించారు. భర్త స్వేచ్ఛ వెనుక ఆమె స్థిరత్వం ఉంది. దైవసేవకుడు ఏకాంతానికి వెళ్ళినప్పుడు పిల్లలనూ, సంఘాన్నీ, వచ్చిపోయేవారినీ చూసుకొనే అమ్మగారికి ఏకాంతం ఎప్పుడు అన్న ప్రశ్న మన కార్యక్రమ పత్రాల్లో ఎక్కడా కనబడదు.

రెండవది వైద్యం. ప్రార్థనలో ఒక్క రాత్రిలో స్వస్థుడైన మనిషి డాక్టర్లను తీసిపారేసి ఉంటాడని ఊహించడం సులువు. జరిగింది వేరు. 1950లో జోన్స్ లక్నోలోనే నూర్ మంజిల్ అనే మానసిక వైద్యకేంద్రాన్ని స్థాపించారు. తాను కుప్పకూలిన పట్టణంలోనే, తనలా కుప్పకూలేవారికోసం, శిక్షణ పొందిన వైద్యులతో. తన అనుభవాన్ని ఆయన ఇతరులకు కొలబద్దగా చేయలేదు. మన మధ్య నిద్రపట్టక, గుండెదడతో, ప్రసంగపీఠం ఎక్కాలంటే వణికే కాపరులున్నారు. ఉపవాసం చేయి, విశ్వాసం తక్కువైందని చెప్పి పంపించేవారు ఈ రెండో కథ కూడా చదవాలి. యెహోవా దూత ఏలీయాకు ముందు ఇచ్చింది రొట్టె, నీళ్ళు, నిద్ర. హోరేబు ఆ తరువాత వచ్చింది.

మూడవది, కొండ అందరికీ అందదు. సాత్‌తాల్ ఆశ్రమం వేసవిలో నడిచేది. ప్రయాణానికి డబ్బు, తీరిక ఉన్నవారే ఎక్కువగా వెళ్ళగలిగారు. జోన్స్ దీనికి పూర్తి జవాబు ఇవ్వలేదు. 1935లో లక్నో పట్టణంలోనే ఒక ఆశ్రమం పెట్టడం ఆ దిశగా ఒక ప్రయత్నమని చెప్పవచ్చు. మన పల్లెల్లో మాత్రం పెద్దలు ఎప్పటినుండో తమ దారి తాము చూసుకున్నారు. నాట్లకూ కోతలకూ మధ్య దొరికే దినాల్లో ఊరి బయట తోటలో, చెరువు గట్టున, మందిరపు అరుగు మీద మోకరించేవారు. వాటికి రిట్రీట్ అనే పేరు లేదు, నివేదిక కూడా లేదు. ఆ సంగతులను వృద్ధ విశ్వాసుల నోట సేకరించి రాసే పని మన విద్యార్థుల్లో ఎవరైనా తలకెత్తుకుంటే బాగుంటుంది.

1971 డిసెంబరులో, అమెరికాలో, ఎనభైయేడేళ్ళ వయసులో జోన్స్‌కు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, నడక పోయింది. జీవితమంతా మాటతోనే పరిచర్య చేసిన మనిషి. కష్టపడి కూడబలుక్కుని మాట్లాడుతూ 'ద డివైన్ యెస్' అనే తన చివరి పుస్తకాన్ని చెప్పి రాయించారు. తరువాత ఇండియాకు తిరిగి వచ్చారు. 1973 జనవరి 25న బరేలీలో కన్నుమూశారు. ఆ పుస్తకం ఆయన చనిపోయిన తరువాతే అచ్చయింది.